అన్నకు తెలుసు, మేనేజర్‌కే తెలియదు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పొద్దున పది, పదకొండు గంటల మధ్య స్టాండప్ మీటింగులు నడుస్తుంటాయి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, పని ఎక్కడైనా ఆగిందా అన్నది ఒక్కొక్కరూ చెప్పాలి. కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాడి వంతు వస్తుంది. ‘నిన్న ఆ టికెట్ మీదే ఉన్నాను, ఈరోజూ అదే కంటిన్యూ చేస్తాను, నో బ్లాకర్స్’ అంటాడు. టికెట్ అంటే అప్పగించిన పని, నో బ్లాకర్స్ అంటే అడ్డంకులేమీ లేవని. నిజానికి అతనికి డేటాబేస్ యాక్సెస్ ఇంకా రాలేదు. రిక్వెస్ట్ పెట్టి నాలుగు రోజులైంది. ఆ సంగతి పక్క టీములో ఉన్న అనంతపురం సీనియర్‌కు తెలుసు, పీజీ హాస్టల్లో రూమ్మేటుకు తెలుసు, ఊళ్లో ఉన్న అమ్మకు కూడా ఎంతో కొంత తెలుసు. తెలియనిది మేనేజర్‌ ఒక్కరికే.

కొత్త ఉద్యోగంలో పైవాళ్లతో ఎలా మాట్లాడాలో మన పిల్లలకు చెప్పేవాళ్లంతా తిప్పి తిప్పి ఇంగ్లీషు దగ్గరికే వస్తారు. స్పోకెన్ ఇంగ్లీషులో చేరు, కళ్లలోకి చూసి మాట్లాడు, కాన్ఫిడెంట్‌గా ఉండు. రోగమొకటి, మందొకటి. ఇంగ్లీషు తడబడేవాళ్లు ఆ నగరంలో అన్ని రాష్ట్రాల నుంచీ ఉన్నారు, మేనేజర్లలోనూ ఉన్నారు. వాళ్ల పనులేమీ ఆగిపోవడం లేదు. మనవాళ్లను దెబ్బతీస్తున్నది, ఇబ్బందిని చెప్పాల్సిన చోట దాచి, చెప్పుకోవడానికి సులువైన చోట చెప్పుకోవడం.

ఆ సులువైన చోటు బెంగళూరులో తెలుగువాళ్లకు మరీ చేరువ. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో దిగితే తెలుగువాళ్లు నడిపే పీజీలు, ఆంధ్రా మెస్సులు, తెలుగులోనే బేరమాడే కర్రీ పాయింట్లు. కన్నడం ముక్క రాకపోయినా రోజు వెళ్లిపోతుంది. (అదేమీ గొప్ప విషయం కాదు, కానీ అది వేరే చర్చ.) ఆఫీసులోనూ అంతే. ఏ ఫ్లోర్‌కు వెళ్లినా ఒక అన్నో అక్కో కనిపిస్తారు. వీపీఎన్ ఎలా పెట్టుకోవాలి, క్యాబ్ ఎలా బుక్ చేయాలి, రీయింబర్స్‌మెంట్‌కు ఏ బిల్లు కావాలి వంటివన్నీ వాళ్లే చెబుతారు. కొత్తవాళ్లకు అది పెద్ద అండ. అయితే పని తాలూకు సందేహాలు కూడా అటే పోతున్నాయి. రెండు పనులు ఒకేసారి మీద పడితే ఏది ముందు చేయాలో తేల్చే అధికారం అన్నకు లేదు. తనకు తోచింది చెబుతాడు. అది మేనేజర్ మనసులో ఉన్నదానికి దగ్గరగా ఉంటే అదృష్టం, లేకపోతే వారం పని వృథా.

మేనేజర్ వైపు నుంచి చూడండి. చేరి మూడు వారాలైంది, మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు. అంతా అర్థమైందనైనా అనుకోవాలి, ఆసక్తి లేదనైనా అనుకోవాలి. మొదటిది అనుకుంటే ఇంకా పెద్ద పని అప్పగిస్తారు. రెండోది అనుకుంటే ప్రొబేషన్ పొడిగించేటప్పుడు గుర్తుపెట్టుకుంటారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు సాగే ఆ ప్రొబేషన్‌లో మీ పని ఎంత తెలుస్తుందో, మీ మౌనమూ అంతే తెలుస్తుంది.

ఈ మౌనం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఇంటర్‌లో స్టడీ అవర్స్, ఇంజినీరింగ్‌లో రికార్డులు, వైవాలు. సార్ అడిగితే మనం చెప్పాలి, మనం అడిగితే ‘క్లాసులో ఏం చేస్తున్నావ్?’ అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. ఆరేళ్లు అలా గడిపిన పిల్లవాడు ఆఫర్ లెటర్ చేతికి రాగానే మారిపోవాలంటే ఎలా?

మారే పని చాలాసార్లు ఒక మెసేజ్ దగ్గర మొదలవుతుంది. మనవాళ్ల మొదటి మెసేజ్ ‘హాయ్ సార్’. అక్కడితో ఆగి, అటునుంచి జవాబు కోసం చూస్తారు. మేనేజర్ ఏదో కాల్‌లో ఉండి గంట తర్వాత ‘చెప్పు’ అంటారు. అప్పటికి ఇతను భోజనానికి వెళ్లి ఉంటాడు. వచ్చి ‘చిన్న డౌట్ సార్, ఫ్రీగా ఉన్నారా?’ అంటాడు. ఆయన మళ్లీ కాల్‌లో. పూట గడిచిపోయింది, డౌటేమిటో ఇంకా బయటపడలేదు. దీనికి బదులు ఇలా రాస్తే: ‘రిపోర్టు టికెట్‌కు కావలసిన డేటాబేస్ యాక్సెస్ సోమవారం అడిగాను, ఇంకా రాలేదు. ఐటీ వాళ్లకు రెండుసార్లు గుర్తుచేశాను. రేపు మధ్యాహ్నంలోపు రాకపోతే శుక్రవారానికి పని పూర్తికాదు. మీరు ఒక మాట చెబితే త్వరగా రావచ్చు. ఈలోగా టెస్ట్ కేసులు రాస్తున్నాను.’ ఎక్కడా బతిమాలింది లేదు, సాకు చెప్పింది లేదు. ఏం జరిగింది, తాను ఏం చేశాడు, మేనేజర్ ఏం చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నీ ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి పదో తరగతి ఇంగ్లీషు చాలు.

నోటిమాటతో పని అప్పగించే మేనేజర్లు ఉంటారు, లిఫ్టు దగ్గర నిలబడి నెల రోజుల పని చెప్పేవాళ్లతో సహా. అలాంటప్పుడు సీటుకు వచ్చాక ‘మీరు చెప్పినది నాకు ఇలా అర్థమైంది, మొదట ఇది, తర్వాత అది, గురువారానికి ఇంతవరకు’ అని మూడు లైన్లు రాసి పంపడం మంచిది. తప్పుగా అర్థమైతే అప్పుడే దిద్దుతారు. రేపు ‘నేనలా చెప్పలేదే’ అన్నా చూపించడానికి ఒకటి ఉంటుంది.

బెంగళూరులో ఇంకో చిక్కుంది. విదేశీ కంపెనీలు మన దేశంలో పెట్టుకున్న సొంత కేంద్రాలు, జీసీసీలు అంటున్నవి, నాస్కామ్-జిన్నోవ్ 2024 నివేదిక ప్రకారం 1,700 దాటాయి. వాటిలో అన్ని నగరాలకంటే పెద్ద వాటా బెంగళూరుదే. ఇలాంటి చోట హాజరు, సెలవులు చూసే మేనేజర్ ఇక్కడే బెళ్లందూరులో ఉంటే, పని చెప్పేవారు కాలిఫోర్నియాలో ఉంటారు. చలికాలంలో రెండింటికీ పదమూడున్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఇంటికి బయల్దేరేలోపు ప్రశ్న రాసిపెడితే పొద్దున లేచేసరికి జవాబు ఉంటుంది. ‘రేపు అడుగుదాంలే’ అంటే ఒక రోజు మొత్తం గల్లంతు.

వాళ్లకు ఉదయం ఎనిమిది అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. రూమ్మేట్లు పడుకున్నారని పీజీ మెట్ల మీద కూర్చుని, అందీ అందని వైఫైతో, కెమెరా ఆపేసి కాల్‌లో ఉండేవాళ్లు ఎందరో. అవతలివాళ్లకు కనిపించేది నల్లటి డబ్బా, ఒక పేరు. ఆసక్తి లేని మనిషి అనుకుంటారు. ఆఫీసులోనే ఉండి కాల్ ముగించుకుని వద్దామంటే చాలా లేడీస్ పీజీల్లో పదింటికల్లా గేటు వేసేస్తారు. సొంత అపార్ట్‌మెంట్‌లో తలుపేసుకుని మాట్లాడే మేనేజర్‌కు ఈ గేటు సంగతి మనం చెబితే తప్ప తెలియదు. ‘రాత్రి కాల్స్‌కు వారంలో రెండు రోజులు తప్పకుండా వస్తాను, మిగతావి రికార్డింగ్ విని పొద్దున నోట్స్ పంపుతాను’ అని మొదటి నెలలోనే అడగవచ్చు. వద్దనడానికి వాళ్లకు కారణం దొరకడం కష్టం.

బరువంతా కొత్తవాళ్ల మీదే వేయడం నాకు నచ్చదు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి నర్సింగ్ బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. అక్కడ పొరపాట్లు ఎక్కువని కాదు, చెప్పడానికి భయం తక్కువని ఆమె వివరణ. మన స్టాండప్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. రోజూ అందరూ ‘నో బ్లాకర్స్’ అంటున్న టీమును చూసి మేనేజర్ సంతోషించకూడదు, అనుమానించాలి. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1980లలోనే, మేనేజర్, ఉద్యోగి ఇద్దరే కూర్చునే వన్ ఆన్ వన్ మీటింగ్ కింది ఉద్యోగిదని, అజెండా అతనే తేవాలని చెప్పాడు. మన దగ్గర అదే మీటింగ్ అరగంట స్టేటస్ అప్‌డేట్‌గా మారింది. అది కూడా మరో కాల్ అడ్డొస్తే ముందుగా రద్దయ్యేది.

ఇంతా చేసి, సమస్య చెప్పినందుకే పది మందిలో అరిచే మేనేజర్ తగలవచ్చు. అక్కడ నిజాయితీకి ఖరీదు ఉంటుంది, లేదని చెప్పి కొత్తవాళ్లను ముందుకు తోయడం అన్యాయం. అలాంటివాళ్లతో ఏదైనా రాతలోనే పెట్టుకోవాలి. ఆ పై మేనేజర్‌తో జరిగే స్కిప్ లెవెల్ మీటింగ్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాలి, ఏడుపు కలపకుండా. సీనియర్ అన్న అసలు అక్కరకొచ్చేది ఇక్కడ. ఆ మేనేజర్ ఎలాంటివాడో, ఎవరి మాట వింటాడో ఆయనకు తెలుసు.

ఇక సంక్రాంతి. మనకు మూడు రోజుల పండగ, బెంగళూరు ఆఫీసు క్యాలెండర్‌లో ఒక్కరోజు. ప్రైవేటు బస్సుల రేట్లు పెరుగుతాయని మనవాళ్లు ముందే బస్సు టికెట్ కొనేస్తారు, సెలవు మాత్రం జనవరి 10న అడుగుతారు. అప్పటికి ఆ వారం రిలీజ్, అంటే చేసిన సాఫ్ట్‌వేర్‌ను బయటికి వదలడం, పెట్టుకుని ఉంటారు. ప్రొబేషన్‌లో సెలవులు ఎలాగూ తక్కువ. టికెట్ కొన్న రోజే, అది నవంబరైనా సరే, ‘జనవరి 13 నుంచి 16 వరకు ఊళ్లో ఉంటాను, నా పని 12కల్లా పలానావాళ్లకు అప్పగిస్తాను’ అని రాసి పెడితే ఏ మేనేజరైనా రిలీజ్ తేదీని దాన్నిబట్టి చూసుకుంటారు. ఆ మెసేజ్ పెట్టడానికి జంకి, పండగ ముందురోజు కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కేవాళ్లు ఏటా ఉంటారు. అదే టీములో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ కడుపునొప్పి ఏ ఊరి బస్సెక్కిందో తెలుసు.