జట్రోఫా దొరగారికి, కంచె ఇవతలి నుంచి

మహారాజశ్రీ జట్రోఫా, అలియాస్ అడవి ఆముదం గారి సముఖమునకు,

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనా అని వేరే అడగక్కర్లేదు. పోయిన ఎండాకాలం మా బోరు ఎండింది, తమరు మాత్రం ఆకంతా రాల్చుకుని నిద్రపోయి, రెండు వానలు పడగానే ఏమీ జరగనట్టు లేచి నిలబడ్డారు.

తమరిది పెద్ద వంశం. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. పోర్చుగీసు ఓడలెక్కి లోకం తిరిగారు. 19వ శతాబ్దంలో కేప్ వెర్డీ దీవుల నుంచి మీ గింజలు లిస్బన్‌కు పోయి సబ్బులయ్యాయి, దీపాల్లో నూనె అయ్యాయి. మా ఊళ్లో మాత్రం కంచె అయ్యారు. మేక మూతి పెట్టదు, అదే మీ ఉద్యోగానికి అర్హత. చిన్నప్పుడు మీ ఆకు తొడిమ తుంచి, కారే పాలు గడ్డిపోచ ఉంగరానికి పట్టించి ఊదేవాళ్లం. బుడగలు రంగులు తిరుగుతూ మేకల మీదుగా పోయి టప్పుమనేవి. మీకూ మాకూ మధ్య వ్యాపారం అంతవరకే.

2003లో ఢిల్లీలో ప్రణాళికా సంఘం కమిటీ మిమ్మల్ని కంచె దించి గద్దె ఎక్కించింది. డీజిల్లో 20 శాతం మీ నూనె కలపాలంటే కోటీ 12 లక్షల హెక్టార్లలో మిమ్మల్ని నాటాలని లెక్క. అంటే మా పాత అనంతపురం జిల్లాలాంటివి దాదాపు ఆరు. అదంతా బంజరేనట. బంజరంటే ఏమిటో ఢిల్లీకి తెలిసినంతగా మా గొర్రెలకు తెలియదు పాపం, అవి అక్కడే మేస్తుంటాయి. కొట్టాల మీదికి బోదగడ్డి అక్కడే కోస్తాం, సీతాఫలాలు అక్కడే ఏరుకుంటాం.

ఆ వెనకాలే మా చిన్నాయన దగ్గరికి ఒక సారు వచ్చాడు. నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, మూడేళ్లు ఓపిక పడితే చాలన్నాడు. మంచం మీద కూర్చుని వక్కాకు నములుతున్న మా అవ్వ, "ఎవరు కొంటారు నాయనా?" అంది.

"ప్రపంచమే కొంటుందమ్మా."

"ప్రపంచం యాడుంటుంది? కళ్యాణదుర్గం యార్డులోనా?"

సారు నవ్వాడు. చిన్నాయన రెండెకరాల గరుసు నేలలో గుంతలు తీశాడు.

నాలుగో ఏడు ఒక్క గోనెసంచి గింజలొచ్చాయి. అవి కోయడం కూడా ఒక ప్రహసనమే. తమరు అన్ని కాయలూ ఒకేసారి పండించరు. ఒకే గుత్తిలో ఒకటి పచ్చన, ఒకటి పసుపు, ఒకటి నలుపు. వారం వారం అదే చెట్టు చుట్టూ తిరగాలి. కూలి లెక్కేస్తే గింజ కన్నా కోసే చేతివేళ్లే ఖరీదు. సెనక్కాయ ఆడిస్తే నూనె మనకు, చెక్క ఎనుముకు. మిమ్మల్ని ఆడిస్తే మిగిలే చెక్క కూడా విషమే. కొనే ప్రపంచం రాలేదు. ఆ సంచి కందుల మూట పక్కనే రెండేళ్లుంది. ఎలుకలు కందులు కొరికాయి గానీ, తమరి జోలికి రాలేదు.

అట్లని దేశాలు ఊరుకున్నాయా! 2008 డిసెంబరు 30న ఎయిర్ న్యూజిలాండ్ వాళ్లు విమానంలో ఒక ఇంజన్‌కు మీ నూనె కలిపి ఎగరేశారు. పేపర్లో చూసి చిన్నాయన సంచి మీద దుమ్ము దులిపాడు. 2009లో యూరప్ వాళ్లు 2020కల్లా రవాణా ఇంధనంలో 10 శాతం పునరుత్పాదకం కావాలని చట్టం చేసుకున్నారు. బళ్లు అక్కడ, భూములు మొజాంబిక్‌లో, ఘనాలో, టాంజానియాలో. అక్కడా ఎవరో ఒక అవ్వ అడిగే ఉంటుంది.

మనవాళ్ల గడువు మాత్రం ముందుకు నడుస్తూనే ఉంది. మొదట 2012 అన్నారు. 2009 జీవ ఇంధన విధానంలో అదే 20 శాతం 2017కు జరిగింది. 2018 విధానానికి బయోడీజిల్ 5 శాతానికి దిగి, 2030కి పోయింది.

మీ తప్పేమీ లేదు దొరా. నీళ్లు లేకుండా బతుకుతానన్నారే గానీ, నీళ్లు లేకుండా కాస్తానని మీరెప్పుడన్నారు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో మేమూ బతుకుతున్నాం. అది చూసి మా మీద ఎవరూ పెట్టుబడి పెట్టలేదే!

ఇంకో కబురు. అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు గడ్డితో గ్యాసు తీసే ప్లాంటుకు 2025లో శంకుస్థాపన అయింది. బంజర్లలో నేపియర్ గడ్డి పెంచుతారట. చిన్నాయన మళ్లీ ఆ రెండెకరాల గెనిమ మీద నిలబడి చూస్తున్నాడు. అవ్వ లేదు కాబట్టి నేనే అడిగాను, ఎవరు కొంటారని.

"కొనకపోతే ఎనుము తింటాది లేరా" అన్నాడు.

ఇట్లు,
మీ కంచెకు ఇవతలివాడు