ఇరవై బిట్లు, ఒక పావురం

నిన్నే జరిగింది, మంట ఇంకా చల్లారలేదు, అందుకే గబగబా రాసేస్తున్నా. మా బావగారు 1999లో కాలిఫోర్నియా నుంచి తెచ్చిన ఆర్కెస్ట్రా సీడీ ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది, అట్ట వెనక మూలన హెచ్‌డీసీడీ అని చిన్న ముద్ర, ఇన్నేళ్లూ అదేదో కంపెనీ పేరనుకున్నా. కాదట, సీడీలో పాట రాసే ఒక పద్ధతి పేరట. మామూలు సీడీలో పట్టేది 16 బిట్లే కదా (శబ్దాన్ని ఎంత సన్నగా కొలిచి రాస్తారో చెప్పే లెక్క అది), పసిఫిక్ మైక్రోసోనిక్స్ వాళ్లు 90లలో ఓ కిటుకు పెట్టి అందులోనే 20 బిట్ల సరుకు కుక్కామన్నారు, ఆ దాచింది విప్పే డీకోడర్ ఉంటే బయటికొస్తుంది, లేకపోతే మామూలు సీడీలా పాడుకుంటుంది. 2000లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది, ఆ తర్వాత మెల్లగా అందరూ మర్చిపోయారు. కానీ 2016 నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ అనే ఆడియో, వీడియో ఫైళ్లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని విప్పే ఫిల్టర్ ఒకటి ఉంది, ఒక్క లైను కమాండ్. ఇంక నేనాగుతానా.

వీధి చివర డీటీపీ షాపులో సీడీ డ్రైవ్ అరువు తెచ్చా, రిప్ చేశా, అంటే పాటల్ని కంప్యూటర్లోకి లాగా, కమాండ్ కొట్టా, ఆ 20 బిట్లూ పట్టే 24 బిట్ ఫైళ్లు వచ్చాయి. "వీటితో పనైపోయిందా?" అని అమ్మ అడిగితే అయిపోయింది తీసేయమన్నా. బావగారిని భోజనానికి పిలిచా.

భోజనాలయ్యాక హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, ముందు ఫ్యాన్ ఆపించా. ఈ ఎండల్లో, పప్పన్నం తిన్నాక, ఫ్యాన్. ఎందుకంటే 20 బిట్ల నిశ్శబ్దం ఫ్యాను చప్పుడులో కొట్టుకుపోతుందని నా బాధ. తర్వాత ఫ్రిజ్ ప్లగ్ పీకా. మా ఆవిడ పెరుగు గురించి ఏదో అంది, చెయ్యెత్తి ఆపా. ముందు పాతది పెట్టా, "ఇది గోడ అవతల్నుంచి వింటున్నట్టుంది కదా బావగారూ" అన్నా, ఆయన "ఆఁ, ఆఁ" అన్నారు నుదురు తుడుచుకుంటూ. తర్వాత కొత్తది. నేను కళ్లు మూసుకున్నా. "అదిగో, ఆ వయొలిన్ల వెనక గాలి విన్నారా? మూడో వరసలో ఎవరో ఊపిరి పీల్చారు!" అన్నా. ఊపిరి పీల్చింది బావగారే, ఉక్కపోతకి. వంటింట్లోంచి అమ్మ "సౌండ్ తగ్గిందేంట్రా, స్పీకర్ పోయిందా?" అంది. "అది తగ్గడం కాదమ్మా, డైనమిక్ రేంజ్, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడా" అని దాదాపు పావుగంట క్లాసు పీకా, మంచి సంగీతం అరవదని, మనల్నే దగ్గరికి పిలుస్తుందని, ఇంకా ఏవేవో. బావగారు పాపం సోఫా అంచుకి జరిగి మరీ విన్నారు.

అప్పుడు మేనల్లుడు నా లాప్‌టాప్ ముందు కూర్చుని "మామయ్యా, 24 బిట్ అంటున్నావు, ఫైలు సైజు పెరగలేదేంటి?" అన్నాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ఇంట్లో గ్లాసు కడగడు గానీ ఇవి మాత్రం కనబడతాయి. పైకి జరిపి, కమాండ్ నడిచినప్పుడు స్క్రీన్ మీద పడ్డ లాగ్ చదివాడు, అందరికీ వినపడేలా: "హెచ్‌డీసీడీ డిటెక్టెడ్: నో."

ఏమీ లేదు. మామూలు 16 బిట్ల పాటకే వెనక సున్నాలు తగిలించి ఇచ్చింది, ఫ్లాక్ (నాణ్యత పోకుండా పాటని కుదించే ఫైలు రకం) ఆ ఖాళీ సున్నాల్ని మోయదు కాబట్టి సైజు పెరగలేదు. మరి సౌండెందుకు తగ్గిందీ అంటే, పెద్ద శబ్దాలకి పైన చోటుండాలని ఆ ఫిల్టర్ అంతా 6 డెసిబెల్స్ దించుతుంది. అమ్మ చెప్పిందే కరెక్ట్.

తప్పంతా ఆ రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌ది. సెట్టింగ్స్‌లో నాలుగో ట్యాబ్ అడుగున "వాల్యూమ్ సమానం చేయి" అని ముందే టిక్కు పెట్టుంది, ఎవడడిగాడు? హెచ్‌డీసీడీ రహస్యమంతా 16 బిట్లలో ఆఖరి బిట్టులో దాస్తారు, వాల్యూమ్ పిసరంత కదిపినా అది తుడిచిపెట్టుకుపోతుంది, బిల్లులో పైసల అంకెల్లో ఉత్తరం రాసి పంపితే కొట్టువాడు రౌండ్ ఫిగర్ చేసేసినట్టు. ఇడ్లీ తెమ్మంటే సర్వరు ముందే నలిపి సాంబార్లో కలిపి తెచ్చి, పైగా "మీ మ్యూజిక్‌ని మెరుగుపరిచాం" అని మెసేజ్ ఒకటి.

సరే, టిక్కు తీసేసి మళ్లీ రిప్ చేద్దామని సీడీ కోసం వెతికా. డ్రాయర్లో లేదు, అట్ట మాత్రం ఉంది. బాల్కనీలో దొరికింది, పావురాలు రాకుండా అమ్మ దారం కట్టి గ్రిల్‌కి వేలాడదీసింది, రెండ్రోజులుగా గాలికి ఇనప చువ్వకి టకటక కొట్టుకుంటూ మెరుస్తోంది, మెరిసే వైపే గీతలు. పక్కనే ఒక పావురం, దానికేసి చూడనైనా చూడకుండా, ఈకలు సర్దుకుంటోంది. ముడి విప్పుతుంటే అమ్మ వెనకనుంచి వచ్చి, "అది విప్పకు, ఇంకోటి ఉంటే ఇవ్వు, అటువైపు కూడా కడతా" అంది.