డాక్టర్ చెప్పింది చేస్తే చాలదా?

"హెల్త్ కోచ్‌లు దండగ, డాక్టర్ చెప్పింది చేస్తే చాలు" అనే సందేశం ఒకటి కొన్నాళ్లుగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. హెల్త్ కోచ్ అంటే డాక్టర్ చెప్పిన చికిత్సను రోజువారీ బతుకులో పాటించేందుకు తోడుండే మనిషి. ఆ సందేశంలో ఉన్నవి నాలుగు వాదనలు. కోచ్ చెప్పేవన్నీ అందరికీ తెలిసినవే. పాటించనివారిది క్రమశిక్షణ లోపం, దానికి మరొకరి సాయం దేనికి? వైద్యం చదవనివారు రోగి విషయంలో తలదూర్చడం ప్రమాదం. వీరివల్ల మేలు జరుగుతుందని ఏ పరిశోధనా తేల్చలేదు. నేను పదకొండేళ్లుగా మధుమేహంతో బతుకుతున్నదాన్ని. ఈ సందేశం నాకు పంపినవారందరూ నా మేలు కోరేవారే. అందుకే ఊరుకోలేక జవాబు రాస్తున్నాను.

మొదటిది, "తెలిసినవే చెబుతారు". తెలిసినవే, కాదనను. రోజూ నడవాలని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఏ పూట నడవాలి, మోకాలు నొప్పి పెట్టిన రోజు ఏం చేయాలి, వారం రోజులు మానేశాక మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవే తేలలేదు. ఏడాదికి 8,760 గంటలు. మూడు నెలలకోసారి పావుగంట చొప్పున చూసినా డాక్టర్ ఎదుట మనం కూర్చునేది ఒక్క గంట. మిగిలిన 8,759 గంటలూ ఈ జబ్బును మోసేది, దాని గురించి నిర్ణయాలు తీసుకునేది మనమే. మంచి కోచ్ ఆ గంటల గురించి అడుగుతారు. వారు చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ.

రెండో వాదన నన్ను ఎక్కువగా బాధపెట్టింది. దీర్ఘకాలిక చికిత్సను సరిగా పాటిస్తున్నవారు సంపన్న దేశాల్లో కూడా సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. అంటే రోగుల్లో సగం మంది బద్ధకస్తులని అర్థమా? నా సంగతే చెబుతాను. నాకు ఒకప్పుడు చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర ఉండేది. పొద్దున అది వేసుకుని, పని ఒత్తిడిలో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే చక్కెర మరీ పడిపోయి చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. అందుకని పని ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్ర మానేసేదాన్ని. "మందులు వేసుకుంటున్నారా?" అని డాక్టర్ గారు అడిగితే మాత్రం "వేసుకుంటున్నానండీ" అనేదాన్ని. తిడతారేమోనన్న భయం, సిగ్గు. పరీక్షలో మూడు నెలల చక్కెర సగటు పెరిగింది. చూసినదాన్ని బట్టి ఆయన మోతాదు పెంచారు. పెంచిన మాత్రకు వణుకు ఇంకా ఎక్కువైంది, నేను మానేసే రోజులూ ఎక్కువయ్యాయి. ఇలా ఏడాది గడిచింది.

ఆ ముడి విప్పింది కోచ్ అడిగిన ఒక్క ప్రశ్న. ఆవిడ "వేసుకుంటున్నారా?" అని అడగలేదు. "ఏ రోజుల్లో వేసుకోవడం కష్టంగా ఉంటోందండీ?" అన్నారు. కష్టంగా ఉండే రోజులు ఉంటాయని ఆవిడే ఒప్పుకున్నాక నేను దాచవలసింది ఏమీ లేకపోయింది. వణికిన రోజులు, వేళలు, భోజనం సమయాలు రెండు వారాలు రాయించారు. ఆ కాగితం డాక్టర్ గారికి చూపించమన్నారు. మందు మార్చింది డాక్టర్ గారే, కోచ్ కాదు. కానీ ఆ కాగితం లేకపోతే ఆయనకు మార్చవలసిన కారణం ఎప్పటికీ తెలిసేది కాదు. ఇందులో నా క్రమశిక్షణ ఎక్కడ తప్పిందో ఆ సందేశం రాసినవారు చెప్పాలి.

మూడో వాదనలో నిజం ఉంది. చాలాచోట్ల ఎవరైనా కోచ్‌నని చెప్పుకోవచ్చు. అమెరికాలో ఈ వృత్తికి ఒక జాతీయ బోర్డు 2017 నుంచి పరీక్ష పెడుతోంది గానీ, ఆ పరీక్ష రాయకుండానే కోచ్ అని పేరు తగిలించుకునేవారు ఎందరో. మందులు మానేయమనేవారు, డబ్బాల్లో పొడులు అమ్మేవారు ఆ పేరుతోనే తిరుగుతున్నారు. టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని జబ్బు, ఉన్న మనిషి అలాంటి మాట విని ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అలా చెప్పేవారిని నేను కోచ్ అనను. రోగ నిర్ధారణ చేయకపోవడం, మందుల జోలికి పోకపోవడం ఈ పనికి మొదటి హద్దు. నకిలీ వైద్యులున్నారని వైద్యమే వద్దనుకోం కదా.

ఇక పరిశోధనలు. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, జబ్బు అంచున ఉన్న 3,234 మంది పాల్గొన్నారు. విడివిడిగా శిక్షకుల తోడు ఇచ్చి, తిండి, వ్యాయామాలపై 16 పాఠాలతో మొదలుపెట్టిన వర్గంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్ర ఇచ్చిన వర్గంలో 31 శాతం. అది నివారణ సంగతి. జబ్బు వచ్చినవారి విషయానికొస్తే, శాన్ ఫ్రాన్సిస్కోలో పేద రోగుల క్లినిక్కుల్లో వైద్య సహాయకులకు కోచింగ్ నేర్పించి ఏడాది పాటు చూశారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, చక్కెర అదుపులోకి వచ్చినవారు కోచ్ ఉన్న వర్గంలో సుమారు 49 శాతం, లేని వర్గంలో 28 శాతం. రక్తపోటులో మాత్రం తేడా కనిపించలేదు. అది కూడా చెప్పాలి. అలాగే 2013లో వెలువడిన లుక్ అహెడ్ అధ్యయనంలో, మధుమేహ రోగులకు ఏళ్ల తరబడి జీవనశైలి శిక్షణ ఇస్తే బరువు, చక్కెర మెరుగయ్యాయి గానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. కోచ్ తాయెత్తు కాదు. "ఏ పరిశోధనా తేల్చలేదు" అన్న మాట మాత్రం అబద్ధం.

ఇది డబ్బున్నవారి విలాసమని ఖర్చు గురించి కూడా ఆ సందేశంలో ఒక విసురు ఉంది. అలాగే ఉండనక్కర్లేదు. పైన చెప్పిన అధ్యయనంలో కోచ్‌లుగా పనిచేసింది డాక్టర్లు కారు, వైద్య సహాయకులే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం, జబ్బును తామే సంభాళించుకోవడం నేర్పేందుకు రూపొందించిన ఆరు వారాల శిక్షణనైతే, దీర్ఘకాలిక జబ్బుతో బతుకుతున్న మామూలు మనుషులు కూడా నడిపిస్తారు.

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు నేనైతే ఒక ప్రశ్న అడుగుతాను: "నా చక్కెర 70 కంటే కిందికి పడిపోతే ఏం చేయమంటారు?" వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకోండి, పావుగంటకు మళ్లీ చూసుకోండి, తరచూ ఇలా అవుతుంటే మీ డాక్టరుకు చెప్పండి అంటే కూర్చుని మాట్లాడతాను. మాత్ర ఆపేసి నా పొడి వాడండి అంటే లేచి వచ్చేస్తాను.