ఎవరి మోతాదు వారిది

సెలీనియం అనే ఖనిజం, విటమిన్-ఇ మాత్రలు వేసుకుంటే ప్రొస్టేట్ క్యాన్సర్ రాకుండా ఉంటుందా? ఇది తేల్చుకోవడానికి అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 2001లో ఓ భారీ పరిశోధన మొదలైంది. 35 వేల మందికి పైగా మగవాళ్లు చేరారు. కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం, కొందరికి 400 యూనిట్ల విటమిన్-ఇ, కొందరికి రెండూ, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చారు. మేలేమీ కనిపించక 2008లో మాత్రలు ఆపించేశారు. కథ అక్కడితో ముగిసినా బాగుండేది. విటమిన్-ఇ ఒక్కటే వేసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. పరిశోధన మొదట్లో తీసుకున్న కాలిగోళ్ల నమూనాల్లో సెలీనియం ఎంతుందో చూసిన విశ్లేషణ 2014లో వెలువడింది. ఒంట్లో అప్పటికే సెలీనియం బాగా ఉన్నవారు పైనుంచి మాత్ర కూడా వేసుకుంటే, తీవ్రమైన రకం క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు అందులో కనిపించింది.

ఇవి మేలు చేద్దామని ఆరోగ్యవంతులకు ఇచ్చిన మాత్రలు. వాటినే ఇప్పటికీ లక్షల మంది ఎవరినీ అడక్కుండా, ఏ పరీక్షా చేయించుకోకుండా కొనుక్కుని మింగుతున్నారు. ఒకరికి పడిన మోతాదు ఇంకొకరికి పడుతుందన్న గ్యారంటీ లేదని, ఈ తేడాలో జన్యువుల పాత్ర కూడా ఉందని చెప్పే పరిశోధనలు పెరుగుతున్నాయి. వాటిని మేము స్వాగతిస్తున్నాం. అయితే ఆ పరిశోధనల పేరు చెప్పి ఇంకో డబ్బా మాత్రలు అమ్మే వ్యాపారాన్ని మాత్రం సమర్థించలేం.

సెలీనియం అక్కర్లేని ఖనిజమేమీ కాదు. మనిషి జన్యువుల్లో 25 సెలీనియంతో కూడిన ప్రొటీన్ల తయారీ కోసమే ఉన్నాయి. కణాలకు జరిగే నష్టాన్ని అరికట్టేవి కొన్ని, థైరాయిడ్ హార్మోన్‌ను పనిలో పెట్టేవి కొన్ని. ఈ ఖనిజం మరీ తక్కువైతే ఏమవుతుందో చైనాలోని కేషాన్ ప్రాంతం చూసింది. అక్కడి నేలలో సెలీనియం చాలా తక్కువ. పిల్లలు, పిల్లల్ని కనే వయసులోని మహిళలు గుండె కండరం దెబ్బతిని చనిపోయేవారు. సోడియం సెలీనైట్ మాత్రలు ఇచ్చాకే ఆ జబ్బు అదుపులోకి వచ్చింది. అదే సెలీనియం హద్దు మీరితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారి ఊడిపోతాయి. 2008లో అమెరికాలో ఓ ద్రవ సప్లిమెంట్‌లో లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం కలిసిపోయి 201 మంది జబ్బుపడ్డారు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 55 మైక్రోగ్రాములే. గరిష్ఠ పరిమితిని అమెరికా 400గా పెట్టుకుంటే, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 255కు కుదించింది. చాలినంతకూ, చేటు చేసేంతకూ మధ్య దూరం ఇంత తక్కువగా ఉన్న పోషకాలు కొన్నే.

జన్యువుల సంగతి ఇక్కడే వస్తుంది. జీపీఎక్స్-1 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే, ఆ జన్యువు తయారుచేసే, సెలీనియంతో కూడిన ఎంజైమ్‌లో 198వ స్థానంలో ప్రొలీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ల్యూసిన్ అనే మరొకటి చేరుతుంది. ఇలాంటివారిలో సెలీనియం పెంచినా ఎంజైమ్ పనితనం మిగతావారిలో పెరిగినంతగా పెరగడం లేదని కొన్ని అధ్యయనాలు గమనించాయి. రక్తంలో సెలీనియంను మోసుకెళ్లే ప్రొటీన్ జన్యువులోనూ ఇలాంటి తేడాలున్నాయి. బ్రిటన్‌లో కొందరికి సెలీనియం ఇచ్చి చూస్తే, ఒంటి స్పందన ఆ తేడాలను బట్టి మారింది. ఆడా మగా అన్నదాన్ని బట్టి, బరువును బట్టి కూడా మారింది. ఒక్క జన్యువు చూసి మోతాదు రాసిచ్చేయవచ్చు అనేవారు ఈ చివరి ముక్కను దాటేస్తుంటారు.

విటమిన్-డి అనుభవం ఇంకా బాధాకరం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో, ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్ జబ్బు రాకూడదని పిల్లల పాలపొడిలో, ఇతర ఆహారంలో విటమిన్-డి దండిగా కలిపారు. 1950ల్లో కొందరు పసికందుల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగింది. వాంతులు, ఎదుగుదల లేకపోవడం, కిడ్నీలు దెబ్బతినడం. కొందరు దక్కలేదు. కలిపే మోతాదు తగ్గించాక కేసులూ తగ్గాయి. అధిక సంఖ్యాకులైన పిల్లలు తట్టుకున్న మోతాదుకు వీళ్లే ఎందుకు బలయ్యారన్నదానికి ఒక ముఖ్యమైన జవాబు 2011లో గానీ దొరకలేదు. ఒంట్లో పని ముగిసిన విటమిన్-డిని విరగ్గొట్టే ఎంజైమ్‌కు సీవైపీ24ఏ1 అనే జన్యువు కావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే దాని రెండు ప్రతులూ దెబ్బతిన్న పిల్లల్లో ఆ విటమిన్ పేరుకుపోయి కాల్షియంను పెంచేస్తుంది. ఆ తల్లిదండ్రులు చేసిన తప్పేమీ లేదు. అందరికీ మంచిదని చెప్పిందే వాళ్లూ పెట్టారు.

ఒంట్లో ఇనుము పేరుకుపోయే హెచ్‌ఎఫ్‌ఈ జన్యు లోపం ఉన్నవారికీ ఇదే చిక్కు. నీరసంగా ఉందని ఐరన్ మాత్రలు, వాటితో పాటు విటమిన్-సి వేసుకుంటే లివర్ మీద భారం పెరుగుతుంది.

ఇన్ని చెప్పాక, అయితే అందరం జన్యు పరీక్ష చేయించుకోవాలా అని పాఠకులు అడగవచ్చు. మామూలు ఆరోగ్యంతో ఉన్నవారికి ఇప్పట్లో అక్కర్లేదన్నదే మా అభిప్రాయం. ఫోలేట్ అనే బి-విటమిన్‌ను ఒళ్లు వాడుకోవడంలో పాత్ర ఉన్న ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు చుట్టూ జరుగుతున్న హడావుడి చూడండి. ఇందులో ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవారి రక్తంలో ఫోలేట్, దాని మాత్రల రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను అంతే తీసుకునే, ఆ మార్పు లేనివారికన్నా సుమారు 16 శాతం తక్కువ ఉంటుంది. తేడా అంతే. వారి శరీరం కూడా ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోగలదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం స్పష్టంగా చెబుతోంది. పుట్టబోయే బిడ్డకు వెన్ను, మెదడు లోపాలు రాకుండా కాపాడుతుందని రుజువైన రూపం కూడా అదే. అయినా "మీ జన్యువుకు మామూలు ఫోలిక్ యాసిడ్ పనికిరాదు" అని భయపెట్టి ఖరీదైన మాత్రలు అంటగడుతున్నారు. గర్భం కోరుకుంటున్న మహిళ ఆ టెన్షన్‌లో రోజువారీ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మానేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

పైగా సిఫారసు మోతాదులు సగటు మనిషిని చూసి పెట్టినవి కావు. ఆరోగ్యవంతుల్లో 97 నుంచి 98 శాతం మందికి సరిపోయేలా వాటిని నిర్ణయిస్తారు. సెలీనియంలో సగటు అవసరం 45 మైక్రోగ్రాములైతే సిఫారసు 55. మనుషుల మధ్య మామూలు తేడాలకు ఆ పది మైక్రోగ్రాముల్లో చోటుంది. లోపం ఉందన్న అనుమానం వస్తే ముందు చేయించాల్సింది రక్త పరీక్ష. జన్యువు మొగ్గు మాత్రమే చెబుతుంది, ఒంట్లో ఇవాళ ఎంతుందో రక్తమే చెబుతుంది. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ రాళ్లు, ఇనుము పేరుకునే జబ్బు, కాల్షియం సమస్య ఉంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పడానికి పైసా ఖర్చు కాదు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. జన్యు పరీక్ష చేసే సంస్థే ఆ రిపోర్టు ఆధారంగా మాత్రలు అమ్మడాన్ని నిషేధించాలి. సప్లిమెంట్ డబ్బా మీద రోజువారీ అవసరంతో పాటు గరిష్ఠ పరిమితిని కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాయించాలి. జన్యువుల మీద ఖర్చు పెట్టాలనుకుంటే పుట్టిన బిడ్డల మీద పెట్టాలి. బయోటిన్ అనే బి-విటమిన్‌ను ఒళ్లు తిరిగి వాడుకునేలా చేసే బయోటినిడేస్ ఎంజైమ్ లోపంతో పుట్టిన బిడ్డకు చికిత్స అందకపోతే మూర్ఛలు రావచ్చు, వినికిడీ చూపూ పోవచ్చు. రోజూ బయోటిన్ ఇస్తే, అదీ లక్షణాలు కనబడకముందే మొదలుపెడితే, ఆ బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. పోయిన వినికిడి మాత్రం తర్వాత ఎంత మందు వాడినా సాధారణంగా తిరిగి రాదు. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో ఈ లోపాన్ని పట్టుకోవచ్చు. ఈ పరీక్షను పుట్టిన ప్రతి బిడ్డకూ ఉచితంగా చేయడం ఇంకా మొదలుపెట్టని ప్రభుత్వాలు వెంటనే మొదలుపెట్టాలి.