అక్షరం దిద్దడమూ ఒక పనేనా అని అడిగినవారికి

మొన్న టీ తాగుతుండగా ఒక సహోద్యోగి నా ఫోను తెరలోకి తొంగి చూసి నవ్వాడు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, నెట్‌వర్కింగ్ డాక్యుమెంటేషన్‌లో ఒక పదానికి అక్షరం తక్కువైతే చేర్చి పంపిన ప్యాచ్, అంటే మార్పు ప్రతిపాదన, అది. "ఇంతేనా? ఒక్క అక్షరమా? దీన్ని కూడా ఓపెన్ సోర్స్‌కు చేసిన సేవ కింద లెక్కేస్తారా?" అన్నాడు. అప్పటికి నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికి చేరి చెప్పులు విప్పుతుంటే కోపం వచ్చింది. నాకు కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట రెండు శాఖా కార్యాలయాలను వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ గుండా వేసే రహస్య సొరంగంతో, కలిపే పని నా మీద పడింది. వాడింది ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, పేరు అనవసరం. దాని మాన్యువల్‌లో ఉన్న నమూనాను యథాతథంగా ఎత్తి పెట్టాను, ఎందుకంటే మా రెండో కార్యాలయం నెట్‌వర్క్ కూడా సరిగ్గా అందులో ఉన్నదే: 192.168.20.0. టన్నెల్ లేచింది. రెండు వైపులా పచ్చదీపమే. ప్యాకెట్లు మాత్రం అవతలికి చేరవు. ఫైర్‌వాల్ నియమాలు తీసి చూశాను, పెట్టి చూశాను. రౌటర్‌ను ఆపి లేపాను. కీలు మళ్ళీ తయారుచేశాను. తెల్లవారుజామున మూడున్నరకు, కళ్ళు మండుతుంటే, ఒక్కొక్క అంకెనూ వేలితో తాకుతూ చదివితే కనబడింది. నమూనాలో రూట్ రాసిన ఒక్క వరుసలో 192.186 అని ఉంది. ఎనిమిదీ ఆరూ చోట్లు మార్చుకున్నాయి, అంతే. 192.168తో మొదలయ్యేవి ఇళ్ళలో, ఆఫీసుల్లో వాడుకోవడానికి 1996లో ఆర్ఎఫ్‌సీ 1918 (ఇంటర్నెట్ నియమాలు రాసిపెట్టే పత్రాలను ఆర్ఎఫ్‌సీలు అంటారు) విడిగా పెట్టిన చిరునామాలు. 192.186 అలా కాదు, బయటి ఇంటర్నెట్ చిరునామా. నేను టన్నెల్‌లోకి పంపమన్నది ఎవరికీ అక్కర్లేని దారిని. నా అసలు ప్యాకెట్లేమో, వేరే దారి చెప్పనివన్నీ పోయే డిఫాల్ట్ గేట్‌వే గుండా ఊరు మీద పడి ఎక్కడో పారేయబడ్డాయి.

అది అచ్చుతప్పే. ఏ స్పెల్లింగ్ సాధనమూ దాన్ని పట్టదు, ఎందుకంటే అంకెలకు నిఘంటువు లేదు. నెట్‌వర్క్ హద్దు చెప్పే 255.255.255.0 అనే మాస్కును 255.255.225.0 అని కొట్టనివారు మా వృత్తిలో ఉంటే వారికి నా నమస్కారం. మరునాడు ఆ మాన్యువల్‌ను సరిచేసి పంపాను. మార్చింది రెండు అంకెలు. నా సహోద్యోగి లెక్క ప్రకారం రెండు అంకెల సేవ. నా లెక్క ప్రకారం ఇంకెవరికో ఒక రాత్రి నిద్ర.

నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటూ వచ్చిన భాష. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవారు వాక్యం మీద పడవలా జారిపోతారు. పదంలో రెండు అక్షరాలు తారుమారైనా వారి కన్ను దానంతట అదే సర్దుకుంటుంది. నాకు అలా కాదు. తెలియని పదం కనిపిస్తే నిఘంటువు తీస్తాను. నిఘంటువులో లేకపోతే నాదే తప్పనుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాన్యువళ్ళలో తప్పుగా పడ్డ పదాలను కొత్త సాంకేతిక పదాలనుకుని నోటు పుస్తకంలో రాసుకున్న మనిషిని నేను! ఈ అలవాటే తర్వాత పనికొచ్చింది. ఇంగ్లీషు వాడి కన్ను దాటేసిన తప్పు దగ్గర నా కన్ను ముళ్ళు గుచ్చుకున్నట్టు ఆగిపోతుంది. కాబట్టి డాక్యుమెంటేషన్ దిద్దడానికి ఇంగ్లీషు బాగా రావాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఓపికగా చదవడం రావాలి.

తొలి దిద్దుబాటు మాత్రం నా పరువు తీసింది. అదీ చెప్పుకోవాలి కదా. వెనకాల నిశ్శబ్దంగా నడిచే ప్రోగ్రాములను డీమన్ అంటారు. ఆ పదంలో 'డి' తర్వాత 'ఎ' అదనంగా పడిందనుకుని, దయ్యం అనే అర్థమిచ్చే మామూలు ఇంగ్లీషు పదంగా మార్చి, ఒకే ఫైలులో పదిహేడు చోట్ల దిద్ది పంపాను. ఆ ప్రాజెక్టు నిర్వాహకుడు కసురుకోలేదు. ఆ పదం అలాగే రాయాలని రెండు వాక్యాల్లో చెప్పి, ఫైలు చివర్లో నేను పట్టిన మరో నిజమైన తప్పును మాత్రం తీసుకున్నాడు. ఆ రెండు వాక్యాలు లేకపోతే నేను ఈ పనిలో ఉండేవాణ్ణి కాదు.

అచ్చుతప్పును మనవాళ్ళు ముద్రారాక్షసం అని ఊరికే అనలేదు. మన లిపిలో ఒక్క సున్నా జారితే పంది కాస్తా పది అవుతుంది. కాగితం మీద ఆ రాక్షసుడు మలి ముద్రణ దాకానే బతుకుతాడు. నెట్‌వర్క్‌లో జొరబడితే చావడు. బ్రౌజరూ వెబ్ సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీలో, అభ్యర్థనతో పాటు వెళ్ళి మీరు ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే హెడర్ అనే వరుస ఒకటి ఉంది, రెఫరర్. ఇంగ్లీషులో సరిగ్గా రాస్తే దానికి నాలుగు 'ఆర్'లు ఉండాలి. 1996 మే నెలలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1945లో మూడే పడ్డాయి. అప్పటికే సర్వర్లూ బ్రౌజర్లూ ఆ మూడింటికి అలవాటు పడిపోయాయి. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110లో కూడా ఆ పదం పక్కన 'మూలంలో ఇలాగే ఉంది' అనే గుర్తు పెట్టి అదే తప్పును కొనసాగించారు. తర్వాత పుట్టిన రెఫరర్ పాలసీ అనే హెడర్‌కేమో నాలుగు 'ఆర్'లూ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు ఒకే ఇంట్లో అన్న పేరు తప్పు, తమ్ముడి పేరు ఒప్పు. రోజూ కోట్ల అభ్యర్థనల్లో ఆ తప్పు అక్షరాలు తీగల మీద పరిగెత్తుతూనే ఉన్నాయి. తొలి చిత్తుప్రతిని ఒకరు వేలు పెట్టి చదివి ఉంటే ఒక్క అక్షరంతో పోయే పని. యూనిక్స్‌లో ఫైలును సృష్టించే సిస్టమ్ కాల్ పేరుకు చివర 'ఇ' లేకపోవడం గురించి చెప్పడం మొదలుపెడితే తెల్లారుతుంది, వదిలేస్తాను.

ఇక్కడే రెండో రకం మనుషుల మీద నా కోపం మొదలవుతుంది. వీరు నవ్వరు. మరీ ఉత్సాహంగా దిద్దుతారు. ఒక సాధనాన్ని మొత్తం ప్రాజెక్టు మీద పరిగెత్తించి, అది చెప్పిన మార్పులన్నీ కళ్ళు మూసుకుని ఒప్పుకుని, రెండువందల ఫైళ్ళ ప్యాచ్ ఒకటి నిర్వాహకుడి నెత్తిన పడేస్తారు. నెట్‌వర్కింగ్‌లో ఇది ఎంత ప్రమాదమో చూడండి. రెఫరర్‌ను 'సరిచేస్తే' వెబ్ సర్వర్ లాగ్ అమరిక పనిచేయదు. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఆ వేరియబుల్ పేరులోనూ మూడు 'ఆర్'లే ఉన్నాయి మరి. కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి ఐపీవీ6లో, పక్క యంత్రాలను కనుక్కునే నైబర్ డిస్కవరీని క్లుప్తంగా ఎన్‌డీ అంటారు. నేను వాడిన ఒక సాధనం ఆ రెండక్షరాలు కనిపించిన ప్రతిచోటా, 'మరియు' అనే ఇంగ్లీషు పదానికి ముందక్షరం ఎగిరిపోయిందేమో చూడమని గోల పెట్టింది. దాని మాట విన్నవాడు ప్రోటోకాల్‌నే సముచ్చయంగా మార్చేస్తాడు.

నైబర్ అనే పదం తీసుకోండి. ఆర్ఎఫ్‌సీ 4861 దాన్ని అమెరికా పద్ధతిలో 'యు' లేకుండా రాస్తుంది. లైనక్స్ కెర్నెల్ కోడ్‌లో అదే పదం బ్రిటన్ పద్ధతిలో 'యు'తో ఉంటుంది, ఫైలు పేరుతో సహా. మనం రోజూ వాడే ఐపీ కమాండుకు ఉన్న మాన్యువల్ పేజీ పేరులోనూ 'యు' ఉంది. ఎఫ్ఆర్ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీని అమర్చేటప్పుడు మాత్రం 'యు' లేకుండా రాయాలి. ఇందులో ఏది తప్పు? ఏదీ కాదు. ఎక్కడిది అక్కడ ఒప్పు. వివరణ వాక్యంలో ఉన్నదాన్ని మార్చవచ్చు, కమాండులో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఈ తేడా తెలియాలంటే ఆ పేరా చదవాలి, చదివింది అర్థం కావాలి. సాధనం చదవదు. పరిగెత్తించినవాడూ చదవలేదు. ఇక చదివే భారం ఎవరి మీద పడింది? జీతం లేకుండా రాత్రిళ్ళు ఆ ప్రాజెక్టును మోస్తున్న నిర్వాహకుడి మీద.

2020 అక్టోబరు గుర్తుందా? ఓపెన్ సోర్స్‌కు తోడ్పడమని ఏటా అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో అప్పట్లో నాలుగు పుల్ రిక్వెస్టులు (మా మార్పు కలుపుకోండి అని పంపే అభ్యర్థనలు) పంపితే టీ-షర్టు ఇచ్చేవారు. ఆ ఏడు ఆ టీ-షర్టు కోసం ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైళ్ళలో 'అద్భుతమైన ప్రాజెక్టు' వంటి మాటలు చేర్చి పంపినవారి వరద తట్టుకోలేక నిర్వాహకులు మొత్తుకుంటే, నిబంధనలు మధ్యలోనే మార్చి, మేము పాల్గొంటాం అని చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. మనవాళ్ళు లేరా ఆ వరదలో? ఉన్నారు. ఆ తర్వాత ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మాట్లాడటానికి వెళితే, చివర్లో ఒక కుర్రాడు లేచి "సార్, రెజ్యూమేలో చూపించాలంటే కనీసం ఎన్ని పుల్ రిక్వెస్టులు ఉండాలి?" అని అడిగాడు. అతన్ని తప్పుపట్టను. అలా లెక్కపెట్టే ఇంటర్వ్యూలు ఉన్నాయి, అలా నేర్పే వీడియోలు ఉన్నాయి. "నువ్వు చివరిసారి ఏ మాన్యువల్ మొదటి నుంచి చివరిదాకా చదివావు?" అని అడిగాను. హాలంతా నవ్వింది. నేను హాస్యానికి అడగలేదు.

ఇదంతా విని, అయితే ఇలాంటి ప్యాచ్‌లను రానివ్వకపోవడమే మంచిది కదా అనేవారు మూడో రకం. వారికి కెర్నెల్ నెట్‌వర్కింగ్ విభాగం నియమావళి చూపిస్తాను. వేరే పనితో సంబంధం లేకుండా ఊరికే కోడ్‌ను చక్కదిద్దే ప్యాచ్‌లను ఆ విభాగం వద్దంటుంది, ఆ మార్పుల వల్ల పెరిగే గందరగోళం వాటి ప్రయోజనం కంటే ఎక్కువని. వెంటనే, అక్షరదోషాలూ వ్యాకరణదోషాలూ సరిచేసే ప్యాచ్‌లను మాత్రం మేము నిరుత్సాహపరచము అని విడిగా రాసింది. ప్రపంచంలో లెక్కలేనన్ని యంత్రాల ప్యాకెట్లు తమ కోడ్ గుండా పోతుంటే, పీక మీద పని ఉన్న ఆ మనుషులే అక్షరం దిద్దేవాడికి తలుపు తీసి పెట్టారు. కెర్నెల్‌లో జనం తరచుగా తప్పు రాసే పదాలకు ఒక జాబితా కూడా ఉంది, తప్పూ ఒప్పూ పక్కపక్కన పెట్టి, వెయ్యికి పైగా పదాలతో. ప్యాచ్‌ను తనిఖీ చేసే స్క్రిప్టు దాన్ని చూసి గద్దిస్తుంది. అక్షరం అంత అల్పమైతే ఆ జాబితాను ఇన్నేళ్ళుగా ఎవరు పెంచారు, ఎందుకు పెంచారు?

ఆ జాబితాకూ దొరకనివే నాకు అసలు వేట. ఇంగ్లీషులో 'ఇప్పుడు' అనే పదానికీ 'కాదు' అనే పదానికీ తేడా చివరి అక్షరమే. 'ఈ సదుపాయం ఇప్పుడు ఉంది' అనాల్సిన చోట 'ఈ సదుపాయం లేదు' అని పడితే రెండు పదాలూ నిఘంటువులో ఉన్నవే, ఏ సాధనమూ కిమ్మనదు. ఒక ఫైర్‌వాల్ ప్రాజెక్టు విడుదల వివరాల్లో అలాంటిది పట్టాను. దాని ముందు వాక్యానికీ దీనికీ పొంతన కుదరక రెండుసార్లు చదివితే దొరికింది. నిర్వాహకుడు "అయ్యో" అని ఒక్క పదంలో జవాబిచ్చి, పది నిమిషాల్లో కలిపేసుకున్నాడు.

పైగా అక్షరం మార్చడం చూసినంత తేలిక కూడా కాదు. ప్రోగ్రాము చూపించే సందేశంలో ఇంగ్లీషు పదాన్ని సరిచేశారనుకోండి. ఆ వాక్యానికి ఇతర భాషల్లో ఉన్న అనువాదాలన్నిటికీ, అనువాదాలను నిర్వహించే గెట్‌టెక్స్ట్ అనే సాధనం 'అనుమానం' ముద్ర వేసి పక్కన పెడుతుంది, ఎవరైనా మళ్ళీ చూసేదాకా అవి తెర మీదికి రావు. ఆ తప్పు సందేశాన్నే లాగ్‌లో వెతికి గంట మోగించే స్క్రిప్టు ఏ ఆఫీసులోనో నడుస్తూ ఉంటుంది, మీరు ఒప్పు చేసిన రోజు నుంచి అది మూగబోతుంది. శీర్షికలో పదం మారిస్తే ఆ శీర్షికకు బయటి నుంచి ఉన్న లింకులు తెగుతాయి. ఇవన్నీ ఆలోచించి, ప్యాచ్‌కు వివరణ రాసి, నాదే అని సంతకం వరుస పెట్టి, ఎవరికి పంపాలో స్క్రిప్టును అడిగి, సాదా పాఠంగా మెయిల్ చేయాలి. తర్వాతి కెర్నెల్ కూర్పు కోసం నెట్‌వర్కింగ్ మార్పులు చేర్చుకునే నెట్-నెక్స్ట్ అనే శాఖ, ప్రతి కూర్పు మొదట్లో సుమారు రెండు వారాలు మూసి ఉంటుంది, అప్పుడైతే తెరిచేదాకా ఆగాలి. ఉడతా భక్తి అంటారు, నిజమే. ఆ ఉడత కూడా ఇసుక ఎక్కడ రాల్చాలో చూసుకునే రాల్చి ఉంటుంది.

ఇంతకీ సహోద్యోగి నవ్విన ఆ ప్యాచ్ సంగతి. నిన్న జవాబు వచ్చింది, తిరస్కరించారు. నేను అక్షరం చేర్చిన పదం ఒక శీర్షికలో ఉంది. ఆ డాక్యుమెంట్లలో శీర్షిక కింద సమానం గుర్తులతో గీత గీస్తారు, ఆ గీత శీర్షిక కంటే పొట్టిగా ఉండకూడదు. నా అక్షరంతో శీర్షిక పొడుగైంది, గీత పొడుగు కాలేదు, పేజీలు తయారుచేసేటప్పుడు హెచ్చరిక వచ్చింది. ఇన్ని నీతులు చెప్పే నేను పేజీని ఒకసారి కట్టి చూసుకోకుండానే పంపాను. రాత్రి కూర్చుని ఒక సమానం గుర్తు చేర్చి, కట్టి చూసి, రెండో కూర్పు పంపాను. ఇప్పుడది రెండు అక్షరాల ప్యాచ్.