చేపల పులుసు మరకకు వేడినీళ్లు కాదు, ఎండ కావాలి

బట్టల మీది మరకలు వదిలించడం గురించి మీరు వేసిన వ్యాసంలో, ఏ మరకనైనా వేడినీళ్లలో నానబెట్టమని రాశారు. దయచేసి ఆ మాట సవరించండి. దుప్పటి మీద రక్తం, గుడ్డు, పాల మరకలు పడితే చన్నీళ్లే వాడాలి. వేడి తగిలితే వాటిలోని ప్రొటీన్ గట్టిపడి దారాన్ని పట్టుకుంటుంది.

మా నెల్లూరు ఇళ్లలో అసలు తంటా చేపల పులుసుతోనే. పసుపులోని రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి జిడ్డు వదిలించాలి. బట్టల సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది. కంగారుపడి గట్టిగా రుద్దకండి. అది సబ్బులోని క్షారం వల్ల, బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. తర్వాత తడిగా ఉండగానే ఎండలో ఆరవేయండి. మిగిలిన పసుపును ఎండే విరిచేస్తుంది. తెల్ల నూలు గుడ్డలకు ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. రంగు బట్టలైతే వెలిసిపోతాయి, జాగ్రత్త. వెంకటగిరి జరీ చీరల మీద మాత్రం ఏ ప్రయోగమూ వద్దు.

మరొక ముఖ్య విషయం. బ్లీచింగ్ ద్రవాన్ని, నిమ్మరసాన్ని పక్కపక్కనే సూచించారు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. ఆ హెచ్చరికను ఈరోజే చేర్చండి.