గీసిన చెయ్యికి పేరుండదా?

విజయవాడలో లబ్బీపేటకు వెళ్లినా, మొగల్రాజపురానికి వెళ్లినా బొటిక్‌లలో ఈ తంతు మామూలే. పెళ్లికూతురి తల్లి ఫోన్ తీసి బొమ్మ చూపిస్తుంది: "అచ్చం ఇలాగే కావాలమ్మా!" బొమ్మ అడుగున షాపు పేరున్న చోటు అప్పటికే కత్తిరించి ఉంటుంది. సాయంత్రానికి అది వెనక గదిలో డ్రాయింగ్ వేసే కుర్రాడికి చేరుతుంది. అతను ట్రేసింగ్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో సన్నగా పొడిచి, కాగితాన్ని బ్లౌజు గుడ్డ మీద పరిచి పొడి రుద్దుతాడు. ఫొటోలో వీపు కనిపించదు కాబట్టి అక్కడి నెమలి అతని సొంతం. చేతుల కొలత చాలక బుటాను, అంటే గుడ్డ మీద అక్కడక్కడా వేసే చిన్న పువ్వు బొమ్మను, మార్చిందీ అతనే. మగ్గం ముందు కూర్చున్నాయన పూసల రంగు మారిస్తే బాగుంటుందంటాడు, మారుస్తారు. పెళ్లయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ బ్లౌజు కింద కనిపించేది మాత్రం ఒక్క షాపు పేరే.

ఒకరిది చూసి ఇంకొకరు చేయడమే తప్పని మేం అనడం లేదు. అలా అంటే మనకు మిగిలేది తక్కువ. కలంకారీ అన్న మాటే పారసీకం నుంచి వచ్చింది, బందరు అద్దకం పూలతీగల్లో పర్షియా అభిరుచి కనిపిస్తూనే ఉంటుంది. మంగళగిరి చీరకు ఊపిరైన అంచును నిజాం బోర్డర్ అనే అంటున్నాం. తెచ్చుకోవడం వేరు, ఎక్కడి నుంచి తెచ్చుకున్నామో దాచిపెట్టడం వేరు.

2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించి, ఆ ఊరి పేరెత్తకపోతే మనవాళ్లంతా మండిపడ్డారు. గొడవ ముదిరాక ఆ చెప్పులకు స్ఫూర్తి మన దేశానిదేనని సంస్థ ఒప్పుకుంది, డిసెంబరులో మన చర్మకారులతో 2,000 జతలు చేయించేందుకు ఒప్పందమూ చేసుకుంది. ఆ రోజుల్లో వాట్సాప్‌లో ప్రాడాను ఏకిపారేసిన మనమే వెనక గదిలోని కుర్రాడి పేరు ఎన్నడూ అడగలేదు.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ. నమోదు చేయించని డిజైన్‌తో పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారైతే కాపీరైట్ కూడా పోతుంది. బ్లౌజు మెడకు ఎవరు నమోదుకు వెళతారు? భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఊరి పేరును కాపాడుతుందే గానీ ఫలానా బుటా ఫలానా మనిషి ఆలోచనని చెప్పదు.

ఇదే ఊళ్లో, 1921లో, ఒక గుడ్డ మీద డిజైన్ గీయించారు. కాంగ్రెస్ సమావేశాలకు బెజవాడ వచ్చిన గాంధీ కోరితే పింగళి వెంకయ్య మూడు గంటల్లో జెండా సిద్ధం చేశారు. ఏప్రిల్‌లో తన పత్రిక యంగ్ ఇండియాలో దాని గురించి రాస్తూ గాంధీ వెంకయ్య పేరు చెప్పారు, రాట్నం పెట్టాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌దని చెప్పారు, తెలుపు ఎందుకు చేరిందో కూడా వివరించారు. 1947లో చక్రంతో వచ్చిన తుది రూపం ఎవరి చేతిదన్న వాదన మాత్రం ఇప్పటికీ సాగుతూనే ఉంది.

పేరు బయటపెడితే పక్క షాపు పనివాణ్ణి ఎగరేసుకుపోతుందని బొటిక్ యజమానుల టెన్షన్. అందులో నిజం లేకపోలేదు. కానీ పేరు దాచినంత మాత్రాన ఎవరూ ఆగిపోవడం లేదు, రోజుకు నాలుగు డబ్బులు ఎక్కువిస్తామంటే ఇవాళే వెళ్లిపోతున్నారు. ఫొటో కింద రెండు పేర్లు, డ్రాయింగ్ ఎవరు, మగ్గం పని ఎవరు అని రాయడానికి పైసా ఖర్చు లేదు. వాళ్లను అడిగి, సరేనంటేనే రాయండి. కొనేవాళ్లు కూడా ఫోన్‌లో బొమ్మ చూపించేటప్పుడు అడుగున ఉన్న పేరును కత్తిరించకుండా చూపించవచ్చు.